నీలం దొరకని వేసవి

ఈమధ్య బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా బెంచీ మీద కూర్చుని గోడల వంక చూడటమే నా పని. ఇప్పటి పిల్లలు అంటించే కాగితాలు బాగుంటాయి. రంగులు శుభ్రంగా అచ్చవుతున్నాయి. పోయిన నెల చూసిన దాంట్లో ఒక చంటిబిడ్డ, పాలసీసా, ఆ సీసా మీద అడ్డంగా ఒక ఎర్రగీత. సీసాపాలు పట్టవద్దని దాని భావం. నా పక్కన కూర్చున్న ఒకామె దాన్ని చాలాసేపు చూసి, "సీసాకు ఎర్రదారం కట్టినారు, దిష్టి తగలకుండా. మంచిపని సేసినారు" అంది.

ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. మీలో ఆరోగ్యశాఖలో కొత్తగా చేరినవాళ్ళు ఉంటే, మీకోసమే.

నేను 1942లో ఉద్యోగంలో చేరి 1977లో దిగాను. మా ఊరు చిత్తూరు. మద్రాసులో చదువు ముగించి, తిరుపతిలో హెల్త్ విజిటరుగా చేరాను. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను చూడటం, సూదులు వేయించుకోమని బతిమాలటం, బావుల్లో మందు కలిపించడం నా పని. జనం నన్ను నరసమ్మ అనేవాళ్ళు. నేను నర్సును కాదని మొదటి నెల అందరికీ చెప్పాను. రెండో నెల నుంచి మానేశాను.

ఇప్పుడు చెప్పబోయేది 1944 వేసవి సంగతి. యుద్ధం ఇంకా ముగియలేదు. కొండకు వచ్చే యాత్రికులు మాత్రం తగ్గలేదు. వాళ్ళతోపాటు కలరా వచ్చింది. రోగులకోసం ఊరి బయట తాటాకుల షెడ్డు వేశారు. మా హెల్త్ ఆఫీసరుగారు కోస్తా జిల్లా మనిషి. ఎంత ఎండలోనైనా టై కట్టుకునే తిరిగేవారు. దాన్ని చూసి ఊళ్ళో నవ్వేవాళ్ళు. కానీ రోగి చేతికి నరం దొరకకపోతే మోకాళ్ళ మీద కూర్చుని, దొరికేదాకా వెతికి సెలైన్ ఎక్కించింది కూడా ఆయనే. ఆయన చేసిన పొరపాటు చెప్పే ముందు ఇది చెప్పడం న్యాయం.

జబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో మాకు తెలుసు. స్టేషనుకు పోయే దారిలో ఒక సత్రం గోడ పక్కన పండ్ల అంగళ్ళు వరసగా ఉండేవి. ఏటి ఇసుకలో కాసిన పుచ్చకాయలు బండ్ల మీద వచ్చేవి. కాయ మొత్తం కొనే స్తోమత యాత్రికులకు ఉండదు. అందుకని ముక్కలు కోసి చెక్కపలక మీద పరిచి, వాడిపోకుండా గంటకోసారి ముంతలో నీళ్ళు తీసి చల్లేవాళ్ళు. ఆ నీళ్ళు ఏ గుంటవో అడిగేవాళ్ళు లేరు. కోసిన పండ్లు అమ్మకూడదని దండోరా వేయించాం. తప్పెట చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ముక్కల మీద గోనెపట్టా కప్పేవాళ్ళు. మలుపు తిరగ్గానే తీసేవాళ్ళు.

"చాటింపు మలుపు తిరిగేదాకే. చదువు రానివాళ్ళకూ తెలిసేలా బొమ్మ రాయిద్దాం, ఆ సత్రం గోడ మీదే" అన్నారు ఆఫీసరుగారు.

బొమ్మలు రాసే ఆయన తిరుపతిలో ఒక్కడే పేరున్నవాడు. ఏడాది పొడుగునా దుకాణాల బోర్డులు రాసేవాడు. గంగమ్మ జాతర వారం మాత్రం బోర్డుల జోలికి పోడు. మొక్కుకున్నవాళ్ళు కట్టే వేషాలకు మొహాన రంగులు పూయడంలో ఆయనది అందెవేసిన చేయి. ఆయన పసుపు పూసి, కళ్ళ చుట్టూ కాటుక తీర్చి అమ్మవారి వేషంలో వదిలిన మనిషిని సొంత తల్లి కూడా పేరు పెట్టి పిలవడానికి జంకేది.

ఆయన్ను ఆఫీసుకు పిలిపించారు. నేనూ అక్కడే ఉన్నాను.

"పండ్ల అంగడి రాయాలి. మధ్యలో ఒక ఆడమనిషి. ఆమే కలరా. ముక్కలు కోసి జనానికి ఇస్తూ ఉండాలి. చూసినవాడికి వణుకు పుట్టాలి" అన్నారు ఆఫీసరుగారు.

"మొగం ఏ రంగు పెట్టమంటారు సామీ?"

"షెడ్డుకు పోయి చూసి రా. అదే రంగు. నీలంగా, కళ్ళు లోపలికి పోయి."

"సీర?"

"ఎరుపు. ఎరుపంటే ప్రమాదం. రైలే ఆగిపోతుంది."

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. పెళ్ళికూతురికి ఎర్రచీర కట్టే ఇంట్లో పుట్టిన నాకూ, జాతరకు ఎర్రచీరలు చుట్టబెట్టే ఆయనకూ ఆ క్షణంలో రైలే గుర్తుకొచ్చింది. బొమ్మలాయన షెడ్డుకు పోయి గుమ్మం దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. నీళ్ళు ఇస్తే తాగలేదు. "సూసినాను నరసమ్మా. రాస్తాను" అన్నాడు.

రాయడానికి నీలం లేదు. తిరుపతిలో ఏ అంగట్లోనూ లేదు. చిత్తూరులో మా నాయన విచారించినా దొరకలేదు. మద్రాసుకు పోయే మనిషికి చెప్పి పంపితే, యుద్ధం మూలంగా ఇంగ్లండు నుంచి రంగులు రావడం ఆగిపోయి చాలా కాలమైందని కబురు తెచ్చాడు. బొమ్మలాయన చాకలివాళ్ళ దగ్గర నీలిమందు తెచ్చి పూసి చూశాడు. సున్నపు గోడ మీద అది రెండు రోజుల్లో వెలిసి బూడిదలా అయింది. ఇక్కడ షెడ్డులో మనుషులు చేరుతున్నారు. ఆఫీసరుగారికి ఓపిక అయిపోయింది.

"ఏదో ఒక జబ్బు రంగు వెయ్యవయ్యా. పసుపు వెయ్యి. కామెర్ల మొహంలా ఉంటుంది."

ఎనిమిది అడుగుల పొడుగు, అయిదడుగుల ఎత్తు ఆ బొమ్మ. మిట్టమధ్యాహ్నపు అంగడి. పైన మట్టి కలిసిన పసుపు ఆకాశం. కింద నల్లటి పచ్చదనంతో కాయల గుట్టలు, కోసిన కాయల ఎరుపు. చుట్టూ గోధుమరంగు మనుషులు. వాళ్ళకు మొహాలు రాయలేదు, చాచిన చేతులు మాత్రం రాశాడు. ముక్కల మీద ఈగలు ఉండాలని పట్టుబట్టింది నేను. నలభై ఒక్క ఈగలు రాశాడు. నేను లెక్కపెట్టాను. అన్నిటి మధ్యలో ఆమె. ఎర్రచీర, పసుపు మొహం, నల్లటి గుంటల్లో పెద్ద పెద్ద కళ్ళు.

ముగిసిన రోజు ముగ్గురం దారికి అవతల నిలబడి చూశాం. "ఆ పసుపులో కుళ్ళు చూడండి. మొహాలు లేని ఆ జనంలో ఎంత దిగులుందో చూడండి. అంగడంతా చావు వాసన వేస్తోంది" అన్నారు ఆఫీసరుగారు. మద్రాసులో ఆయన చిత్రకళా ప్రదర్శనలు చూసిన మనిషి. నేను ఈగలు స్పష్టంగా కనిపిస్తున్నాయా అని చూశాను. కనిపిస్తున్నాయి. బొమ్మలాయన తల ఒక పక్కకు వంచి, "కండ్లు బాగా కుదిరినాయి" అన్నాడు. ఎవరి మాటా అబద్ధం కాదు. నేను కూడా ఆ బొమ్మ ముందు తెలియకుండానే కొంగు భుజం నిండా కప్పుకున్నాను. భయమనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆ దారినే పోతుంటే గోడ మొదట్లో పసుపు నీళ్ళు చల్లి ఉన్నాయి. బొమ్మలో ఆమె పాదం మీద ఎవరో కుంకుమ పెట్టారు. అంగడి ఆ చివర కూర్చునే పండ్లామె పలక, కత్తి, ముంత అన్నీ తెచ్చుకుని సరిగ్గా బొమ్మ కింద కూర్చుని ఉంది.

ఆమె నాకు బాగా తెలిసిన మనిషి. భర్త లేడు. ఒక్కతే కూతురు. పలమనేరు పక్క పల్లెకు ఇస్తే, తొలికానుపుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. నేను వారం వారం చూసే గర్భిణుల్లో ఆ అమ్మాయి ఒకతె.

"ఏమక్కా, అంగడి ఈడికి మార్చినావు?" అన్నాను.

"బాగా అడిగినావు! అమ్మ వచ్చి పండ్ల అంగట్లో కూసుంటే, నేను పొయ్యి ఆ కొసన కూసుంటానా? సూడు నరసమ్మా, ఆ తల్లే కోసి ఇస్తా ఉండాది. ఇంగ ఈడ ముక్క తింటే జబ్బెట్ల వస్తాది?"

"అది అమ్మ కాదక్కా. అదే జబ్బు. తినొద్దని రాయించినాం."

ఆమె పక్కనున్న నిమ్మకాయలామెను మోచేత్తో పొడిచి నవ్వింది. "ఇన్నావా మే! జబ్బు పసుపు పూసుకుంటాదంట. ఎర్రసీర కట్టుకుంటాదంట. నరసమ్మా, నువ్వు మద్రాసులో సదివినావు గానీ నీకు మొగం సూడను రాదు. జాతరలో ఆ కండ్లు నువ్వు సూడలేదా?"

"ఆ ఈగలు సూడు. ముక్క మీద ఎన్ని వాలినాయో."

"సూసినా. తీపి ఉండే తావుకే గదా ఈగలు వాలేది. నా కాయ తీపని రాసినాడు ఆ మహారాజు. సల్లగుండాల."



బొమ్మ కిందికి రెండు రోజుల్లో మరో ఆరు పలకలు చేరాయి. యాత్రికులు బొమ్మకు దణ్ణం పెట్టి, ముక్క కొని, కళ్ళకద్దుకుని తిన్నారు. పండ్లామె రోజూ పొద్దున మొదటి ముక్క కోసి అమ్మ పాదాల దగ్గర ఆకులో పెట్టేది. పగలంతా అది అక్కడే ఎండలో, దుమ్ములో, ఈగల కింద ఉండేది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆ ముక్క తీసుకుపోయి కూతురికి పెట్టేది. కడుపులో బిడ్డకు అమ్మ కాపు ఉంటుందని.

ఇది నాకు తెలిసింది ఆ అమ్మాయిని చూడటానికి పోయినప్పుడు. ఆ అమ్మాయి కలరా సూది కూడా వేయించుకోలేదు. సూదిమందు వేడి కడుపులో బిడ్డకు తగులుతుందని తల్లి భయం.

"ఆ ముక్క తినవద్దమ్మా. మామిడిపండు తిను, నీ చేత్తో కడిగి, నీ చేత్తో తోలు తీసి. వేడి నీళ్ళు తాగు. సూది వేయించుకో" అన్నాను.

"అక్కా, ఆడబిడ్డ పుడితే నీ పేరు పెడతా. సూది మాట తప్ప ఇంగేం సెప్పినా ఇంటా" అంది ఆ పిల్ల నవ్వుతూ.

"అయితే ముక్క మానేయి."

"అది నేను తినేది కాదక్కా. మాయమ్మ ఎదురుగా కూసోని నోట్లో పెట్టేది. వద్దంటే ఏడుస్తాది."

నేను తిన్నగా ఆఫీసరుగారి దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. ఆయన లేచి నాతోపాటు సత్రం గోడ దగ్గరకు వచ్చారు. దీపం, పూలు, ఆకులో ముక్క, చేతులు జోడించిన జనం. "సున్నం కొట్టించండి. ఇప్పుడే" అన్నారు.

బొమ్మలాయన అక్కడే ఉన్నాడు. "అమ్మ మొగాన సున్నమా సామీ?" అన్నాడు.

"అమ్మ అని నువ్వు కూడా అంటున్నావా?"

ఆయన తల వంచుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో జనం ఆయన ఇంటికి బియ్యం, బెల్లం తెచ్చి ఇచ్చారు. దారిలో కాళ్ళకు దండం పెట్టారు. నా ఉద్దేశంలో అప్పటికి ఆయనకే తెలియదు తాను రాసింది ఎవరినో.

మున్సిపాలిటీ మనుషులు రెండు పూతలు సున్నం కొట్టారు. ఆ రోజుల్లో వచ్చే సున్నం మీకు తెలియదు, నీళ్ళలాంటిది. ఎండకు ఆరేసరికి కింద ఎరుపు, కళ్ళ నలుపు పలచగా పైకి తేలాయి. తెల్లటి మొహం, తెల్లటి ఒళ్ళు, లోపలి నుంచి చూస్తున్న ఆ కళ్ళు. జాతరలో ఒక రోజు ఒళ్ళంతా సున్నం పూసుకుని తలమీద కుండలతో వచ్చే వేషం ఉంది, సున్నపు కుండల వేషం అంటారు. సాయంత్రానికి ఊరంతా మాట పాకింది, అమ్మ వేషం మార్చినాదని. ముందున్న జనానికి రెట్టింపు జనం వచ్చారు. తప్పెట్లు కూడా వచ్చాయి.

"ఏమంటున్నారు?" అని అడిగారు ఆఫీసరుగారు. చెప్పాను. ఆయన సత్రం మెట్టు మీద కూర్చుని టై ముడి విప్పారు. "నేను ఏ రంగు వేసినా మీ ఊళ్ళో దానికో వేషం ఉందమ్మా" అన్నారు. ఆయన నోట ఎగతాళి మాట విన్నది ఆ ఒక్కసారే. అదీ తన మీదే.

గోడ తర్వాత గీకించవచ్చని, ముందు పలకలు లేపించాలని పోలీసులకు కబురు చేశారు. వాళ్ళు రాకముందే, మరునాడు మధ్యాహ్నం, పండ్లామె కూతురిని నులకమంచం మీద షెడ్డుకు మోసుకొచ్చారు.

అక్కడ జరిగింది ఎక్కువగా రాయను. ఆఫీసరుగారు రెండు చేతుల్లోనూ నరం వెతికారు, కాలి మడమ దగ్గర దొరికింది. సీసా తర్వాత సీసా ఎక్కించారు. బిడ్డ ముందు పోయింది. ఆ పిల్ల అలా నిలిచినట్టే నిలిచి, మర్నాడు పొద్దెక్కాక పోయింది. పోయే ముందు ఆ అమ్మాయి మొహానికి, పెదవులకు, గోళ్ళకు ఆ రంగు వచ్చింది. మూడు ఊళ్ళలో వెతికినా మాకు దొరకని నీలం. పండ్లామె ఆ మొహాన్ని వేళ్ళతో తుడిచింది, ఏదో అంటుకుందేమో అన్నట్టు. మళ్ళీ తుడిచింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అన్నీ ముగిశాక ఆమె ఇంటికి పోలేదు. తడిచీరతోనే తిన్నగా సత్రం గోడ దగ్గరకు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. జనం ఉన్నారు. బొమ్మలాయన గోడ మొదట్లో కూర్చుని దీపంలో నూనె పోస్తున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"అప్పా, నువ్వు రాసినావు. నువ్వే సెప్పాల. ఈమె ఎవురు?"

"అమ్మే గదా, ఏం అడగతావు మే ఇంత దుఃఖంలో" అన్నాడు జనంలో ఒకాయన.

"నిన్ను కాదు. ఆయన్ను అడగతా ఉండా."

బొమ్మలాయన నా వైపు చూశాడు. 'అమ్మే' అని ఆయన చెప్పి ఉంటే, కూతురిని అమ్మే తీసుకుపోయిందని ఆ తల్లి ఏడ్చి ఊరుకునేది. మిగిలిన బతుక్కి ఆ మాట ఆమెకు కొంత ఆసరాగా ఉండేది. ఆ పలకలు కూడా అక్కడే ఉండేవి. నిజం చెబితే, ఆమె పొద్దున పెట్టి సాయంత్రం తినిపించిన ఆ ముక్క ఏమిటో ఆమెకు తెలిసిపోతుంది. చెప్పవలసింది ఆఫీసు తరఫున నేనే. నోరు తెరిచాను కూడా. ఆయనే ముందు అన్నాడు.

"జబ్బు తల్లీ. షెడ్డులో సూసొచ్చి, ఆ జబ్బునే రాసినాను."

"అమ్మ కాదా?"

"కాదు."

ఆమె గోడ వంక చూసింది. సున్నంలోంచి కళ్ళు కనిపిస్తున్నాయి. "మరి పసుపెందుకు పూసినావప్పా దానికి?"

ఆయన చేతులు రెండూ ముందుకు చాచాడు, ఖాళీగా ఉన్నాయని చూపించేవాడిలా.

"నీలం దొరకలేదు తల్లీ."

పండ్లామె తన పలక దగ్గరకు పోయి కాయలు కోసే పొడుగు కత్తి తీసింది. ఆమె గోడ దగ్గరకు వచ్చి బొమ్మ మొహాన్ని గీకడం మొదలుపెట్టింది. సున్నం, దాని కింద పసుపు, దాని కింద గార పెచ్చులు పెచ్చులుగా ఆమె చీర మీద రాలాయి. "ఆపండి ఆమెను, ఊరికి అరిష్టం" అని ఒకడు ముందుకు దూకాడు. బొమ్మలాయన అడ్డం నిలబడ్డాడు. "నా బొమ్మ. నన్ను కొట్టు" అన్నాడు. తర్వాత ఆయనా ఒక పెంకు తీసుకుని ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చీర ఎరుపును గీకాడు. ఇటుకలు బయటపడేదాకా ఇద్దరూ ఆగలేదు. జనం ఒక్కొక్కరే పోయారు. పలకలు ఆ సాయంత్రమే లేచిపోయాయి. పోలీసులు వచ్చేసరికి వాళ్ళకు పని లేదు.

కలరా కొన్ని వారాలకు తగ్గింది. మా చర్యల వల్ల తగ్గిందని ఆఫీసువాళ్ళు అన్నారు. నేను అనను. ఆఫీసరుగారు ఆ ఏడాదే బదిలీ మీద పోయారు. ఆ ఏటి జాతరకు బొమ్మలాయన గడప ముందు ఎప్పటిలాగే మనుషులు బారులు తీరారు. అందరికీ రంగులు పూశాడు. అమ్మ వేషం కట్టేవాళ్ళను మాత్రం వేరే చేతికి పంపించాడు. చివరిదాకా అంతే.

నేను నేర్చుకున్నది ఒక్కటే. తర్వాత నా ఉద్యోగంలో మద్రాసు నుంచి గానీ, హైదరాబాదు నుంచి గానీ ఏ బొమ్మ వచ్చినా గోడకు అంటించే ముందు చంకలో పెట్టుకుని వీధిలోకి పోయేదాన్ని. ఎదురైన మొదటి ఆడమనిషికి చూపించి, "ఇందులో ఏముండాది?" అని అడిగి నోరు మూసుకునేదాన్ని. మూసుకోవడమే కష్టం. చంటిబిడ్డను తూకం వేసే బొమ్మ చూపిస్తే, "కొండ మీద తులాభారం ఇస్తా ఉండారు" అని దండం పెట్టిన ఆమె ఉంది. పై అధికారులు నన్ను చాదస్తురాలన్నారు. అననివ్వండి.

పండ్లామె మళ్ళీ కాయ కోయలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నిమ్మకాయలు, తమలపాకులు అమ్మింది. ఒకసారి కొత్త బొమ్మ పట్టుకుని పోతుంటే వీధిలో ఎదురైన మొదటి మనిషి ఆమే. ఏమీ ఆలోచించకుండా అలవాటు కొద్దీ కాగితం విప్పాను. ఆమె చటుక్కున మొహం పక్కకు తిప్పుకుంది.

"నాకు సూపించొద్దు నరసమ్మా. ఇంగెవురినన్నా అడుగు. నేను సూస్తే నమ్ముతా."

కాగితం చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఆమె దగ్గర నాలుగు నిమ్మకాయలు కొన్నాను. ఆ బొమ్మను తిరుపతిలో ఏ గోడకూ అంటించలేదు.